మల్హరి నడుముకు బెల్టు

ముప్పై ఒకటో వారం
వంతెన కింద ఒంటి చేత్తో వేలాడుతున్న మల్హరిని
అట్లనే ఇడిసిపెట్టి
ఆ వారపత్రిక మూతబడ్డది.
'వచ్చేవారం' అని అచ్చేసిన మాట ఒక్కటి మిగిలింది.
పదకొండేండ్లాయె, ఆ వారం రాలే.

సల్మాబాద్ క్యాంపుల, తొమ్మిదో నంబరు రూముల
లింబాద్రి పెట్టెల ఉన్నయి ఆ కాగితాలు.
ఏడో వారం లేదు.
పంతొమ్మిదో వారమంత నూనె మరక,
వాళ్ళక్క పచ్చడి సీసాకు చుట్టి పంపింది.
రాత్రి డ్యూటీ లేనప్పుడు పైకి చదివేటోడు.
వినేటోళ్ళం ఆరుగురం; ఏడోవాడు మొఫిజుల్,
సిల్హెట్ దిక్కు మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు,
మేం నవ్వితే నవ్వేటోడు, కొంచెం ఆలస్యంగ.

ఒక శుక్రవారం బట్టలు పిండుకుంట లింబాద్రి అన్నడు:
"నేను దింపుతా వాణ్ణి."

సిమెంటు డెలివరీ చలానాల వెనక దిక్కు
నీలం పెన్నుతో మొదలువెట్టిండు.
ముందట ఎన్ని టన్నులు, ఏ లారీ, ఎవరి సంతకం;
వెనక గోదావరి, అర్ధరాత్రి, పోలీసు విజిల్.
అవతలి సిరా ఇవతలికి దిగి
ఒక్కోసారి ఇన్‌స్పెక్టర్ మొహం మీద నలభై బస్తాలు.

బొమ్మలు మొఫిజుల్ వేసిండు.
కథ హిందీల చెప్పినం, సగం చేతులతోటి.
మా గోదావరిల వాని ఊరి పడవలు తేలినయ్,
మా పోలీసులకు వాని దేశం టోపీలు.
అన్నీ ఒప్పుకున్నం గని
ముప్పై రెండో వారం బొమ్మ చూసి
లింబాద్రి చలానాల కట్ట నేలకు కొట్టిండు.
మల్హరి నడుముకు సేఫ్టీ బెల్టు.
పచ్చది, రెండు కొక్కేలది, మా స్టోరుల ఇచ్చేదే.

"గజదొంగరా వాడు! కోటగోడలు ఎక్కినోడు!
బెల్టు కట్టుకుంటడారా?"

మొఫిజుల్ రబ్బరు తియ్యలే.
బెల్టు లేని మనిషిని అంత ఎత్తుమీద తను గియ్యడట.
ఎందుకని మేమెవరం అడగలే.
మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు,
కూర మాత్రం ఒక్క గిన్నెలనే.

నాలుగోనాడు కొత్త అధ్యాయం రాసుకొచ్చిండు లింబాద్రి:
అంతకుముందు రాత్రి మల్హరి ఆనకట్ట గోదాముల జొరబడి
బంగారం పెట్టె పక్కకు నూకి
బెల్టు దొంగిలిస్తడు.
నన్నడిగితే మొత్తం పుస్తకంల అదే మంచి అధ్యాయం.

మనామాల టైపింగ్ సెంటరు మలయాళీ
రాత్రి పది దాటినంక, పేజీకి పది ఫిల్సుకు ఒప్పుకున్నడు.
నలభై కాపీలు. పిన్నులు కొట్టింది నేనే, బొటనవేలు వాచింది.
రెండు పేజీలు తలకిందులు పడ్డయి,
చదివేటోడే తిప్పుకుంటడని ఊకున్నం.
ధర రాయలే. 'చదివి ఇంకొకలకు ఇయ్యాలె' అని రాసినం.

ఒక కాపీ ట్రైలర్ డ్రైవర్ సీటు కింద
కాజ్‌వే దాటి దమ్మాం పోయొచ్చింది.
అట్ట లోపల ఎవరో రాసిండ్రు:
"ఇది మల్హరి కాదు. అసలోడు భయపడడు."
దాని కింద ఇంకో చేతిరాత:
"అన్నా, నువ్వు ఎన్నో అంతస్తుల పనిచేస్తవ్?"

ముహర్రక్‌ల ఇంటిపని చేసే దీవెనమ్మ పంపిన కవరు
ఆఖరికి వచ్చింది. లోపల అర దినారు, చీటీ.
"చాలా బాగుందండి. మల్హరి గారు దిగేరు, సంతోషం.
పన్నెండో వారంలో మాణిక్యాన్ని
మేడమీద గదిలో పెట్టి తాళం వేసేరు కదండీ.
అది ఎవరూ తియ్యలేదండి.
మీరు మర్చిపోయినట్టున్నారు."

పెట్టె దింపి చూసినం. నిజమే.
పదకొండేండ్లు మేం ఆ ఒంటి చెయ్యి గురించే మాట్లాడుకున్నం.

ఏమైందని మొఫిజుల్ అడిగితే చెప్పినం.
పెన్సిలు చెక్కుకుంట అడిగిండు:
తలుపు లోపలి దిక్కు నుంచి గియ్యాల్నా,
బయటి దిక్కు నుంచా?

లింబాద్రి ఇంకా జవాబియ్యలే.
చలానాలు ఐపోయినయ్.
రేపు సైటుల అడిగి తేవాలె.